శనివారం రాని రొద

ఏప్రిల్ 7, 1969, సోమవారం

నిన్న ఈస్టరు. చర్చిలో మా అవ్వ, నన్ను కన్నతల్లి, పాట మధ్యలో ఆగిపోయింది. పైకి ఎక్కవలసిన చోట గొంతు ఎక్కలేదు. హార్మోనియం మాత్రం తన దారిన తాను పోయింది. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గు వచ్చినట్టు నటించింది. నటన అని నాకూ, ఆడవాళ్ళ వరసలో ఆమె పక్కనే కూర్చున్న నా ఇల్లాలు విమలమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు.

అవ్వ మెడలో గడ్డను వానలకు ముందే కోసి తీసెయ్యాలని పట్నం దవాఖానలో డాక్టరు చెప్పాడు. ప్రాణానికి భయం లేదట. గొంతు సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేనన్నాడు. మొదటి మాట ఇంట్లో చెప్పాను. రెండోది నా దగ్గరే ఉంచుకున్నాను. అవ్వ నన్ను ఏమీ అడగలేదు. అడగలేదంటే తెలుసన్నట్టే.

మా అవ్వ బీరమ్మ నోట్లో ఉన్న పాటలు ఇంకెవరి దగ్గరా లేవు. అవి ఆమె తండ్రి మోషే తాత కట్టినవి. చేవెళ్ల నుంచి మా పక్క ఊరు హిమాయత్‌నగర్ దాకా ఊరూరూ నడిచి, నాట్ల పాటల బాణీలో యేసు కథ చెప్పాడు. ఆయనకు రాత రాదు. మాటలు నేను ఎప్పుడో రాసి పెట్టాను. కాగితం మీద అవి ఉప్పు లేని కూరలా ఉన్నాయి. నాకు కావలసింది ఆ గొంతు. గడ్డతో పాటు అది పోకముందే దాన్ని పట్టి పెట్టాలి.

బడి తెలంగాణ ఉద్యమంలో మూతపడి నెలలవుతోంది. సైన్సు మాస్టరుకు ఇంతకంటే పని ఏముంది?

ఇది నా కోసం రాసుకుంటున్నది. విమలమ్మ చదివితే ఆమె ఇష్టం. ఇందులో ఆమెను పొగిడిన చోట్లు తక్కువని ముందే చెబుతున్నాను.

ఏప్రిల్ 9

పాస్టరు శాంతయ్యగారు మిషన్ బంగళాలోని టేపు రికార్డరు ఇచ్చారు. "సాలోమోను సారూ, జర పైలం. దొర పోతా పోతా ఇచ్చిండు. ఇది పోతే మళ్ల రాదు" అని వాకిలి దాకా వచ్చి మూడుసార్లు చెప్పారు.

దాని మైకు ఎప్పుడో పోయింది. బడిలో జెండా పండుగకు వాడే మైకు తెచ్చి తగిలించాను. అవ్వ మాట బావి అడుగు నుంచి వచ్చినట్టు వచ్చింది, పైన ఇసుక పోసినట్టు బుసబుస. ఈ మైకుకూ ఆ టేపుకూ మధ్య ఒక ప్రీ యాంప్లిఫయరు ఉంటే తప్ప పని జరగదు. కొనాలంటే ఎక్కడా దొరకదు. నేనే కడతాను.

అవ్వ నా బల్ల దగ్గరకు వచ్చి చూసింది.

"ఏంది కొడుకా ఇది?"

"మైకుల నీ గొంతు శాన సన్నగ పుడ్తదవ్వా. టేపుకు ఆనదు. ఈ డబ్బా దాన్ని నడుమ పట్టి పెద్దగ చేస్తది. ఇంకేం కలపదు."

"గంతేనా? నేనే జర గట్టిగ పాడ్తగద."

ఏప్రిల్ 12, శనివారం

బిస్కెట్ల డబ్బా కోసి, భాగాలన్నీ బిగించే చాసిస్ చేశాను. చచ్చిపోయిన రేడియోలో నుంచి ట్రాన్స్‌ఫార్మర్ పీకాను. చెయ్యి కాలింది. ఇంకా కావలసింది శబ్దాన్ని పెంచే గాజు గొట్టం, ఒక్క మంచి వాల్వు. రొద పుట్టించనిది, ఈఎఫ్ 86. మా మొయినాబాద్‌లో ఆ పేరు చెబితే బస్సు నంబరు అనుకుంటారు.

ఏప్రిల్ 16

వాల్వు వచ్చింది!

బస్సు మెహిదీపట్నం దగ్గరే ఆపేశారు. కోఠీ దాకా నడిచాను. దారిలో ఇంకా పొగ వస్తున్న టైర్లు, మూసిన కొట్లు, గోడల నిండా జై తెలంగాణ. తెలంగాణ నాకూ కావాలి. మా బడిలో పోస్టులు ఎవరికి పోతున్నాయో నాకు తెలియదా? కానీ ఇవాళ మటుకు నాకు ముందు వాల్వు కావాలి. సగం దించిన షట్టరు కిందకు వంగి అడిగితే, కొట్టతను నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి ఇచ్చాడు.

పొద్దున విమలమ్మ పాత దిండు విప్పి బూరుగు దూది ఇచ్చింది. దాంట్లో వాల్వును పడుకోబెట్టి టిఫిను గిన్నెలో పెట్టాను. తిరిగి వస్తుంటే ఒక జవాను ఆపి గిన్నెలో ఏముందని అడిగాడు.

"డబ్బేమే క్యా హై?"

"రేడియోకా బల్బ్, సాబ్."

దాన్ని తీసి ఎండకు ఎత్తి, ఒక కన్ను మూసి చూశాడు. గాజు. అతని వేళ్ళకు చెమట. ఆ క్షణంలో నేను చేసినంత ప్రార్థన శాంతయ్యగారు కూడా ఎప్పుడూ చేసి ఉండరు. మళ్ళీ దూదిలో పెట్టి, పైన దూది కప్పి మరీ ఇచ్చాడు. అతనికి పిల్లలు ఉండి ఉంటారు.

ఏప్రిల్ 19, శనివారం

పలికింది! నా చేతులతో కట్టిన డబ్బా పలికింది!

వాల్వు వేడెక్కే దాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. మైకు ముందు హలో అన్నాను. పెరట్లో బట్టలు ఉతుకుతున్న విమలమ్మ "ఎవరితోని మాట్లాడుతున్నవయ్యా?" అని కేకేసింది. టేపు వెనక్కి తిప్పి వింటే ఆ కేక ఉంది, బండ మీద తడిబట్ట దెబ్బ ఉంది, చివర బిందె చప్పుడు కూడా ఉంది. రొద అన్నదే లేదు. పట్నంలో రేడియో స్టేషనువాళ్ళు వచ్చి వినాలి.

రేపు ఆదివారం. ఎల్లుండి అవ్వను కూర్చోబెడతాను. పని అయిపోయినట్టే.

ఏప్రిల్ 21, సోమవారం

రొద.

ఏప్రిల్ 24

తేనెతుట్టెను డబ్బాలో పెట్టి మూత వేసినట్టు గుయ్యిమంటోంది. ట్రాన్స్‌ఫార్మరు జరిపాను. తీగలు మార్చాను. అతుకులన్నీ ఊడదీసి మళ్ళీ పోశాను. అవ్వ నెమ్మదిగా మాట్లాడితే రొద కింద మాట మునిగిపోతోంది.

విమలమ్మ అన్నం తినమని పిలిచింది. వస్తానన్నాను. మళ్ళీ పిలిచింది. "నీ డబ్బనే తిను" అని వెళ్ళిపోయింది. ఆమెకు సైన్సు తెలియదు, వదిలెయ్యాలి.

ఏప్రిల్ 26, శనివారం

ఇవాళ బంద్. రొద లేదు!

కారణం పట్టేశాను. బంద్ కాబట్టి కార్ఖానాలు నడవవు. కరెంటు మీద బరువు ఉండదు, అందుకే అది శుభ్రంగా వస్తోంది. లోపం నా డబ్బాలో లేదు, కరెంటులోనే ఉంది.

ఏప్రిల్ 28

రొద. బంద్ అయిపోయింది కదా మరి. నా సిద్ధాంతం రుజువైంది.

మే 3, శనివారం

బంద్ లేదు. రొదా లేదు. శనివారం ఆఫీసులు ఒక్క పూటే కదా, ఆ మేరకు బరువు తగ్గుతుంది. సిద్ధాంతాన్ని కొద్దిగా సవరించాను.

ఇవాళే పాడించేవాణ్ణి. అవ్వ పొద్దున్నే చెల్లెలిని చూడటానికి దొంతన్‌పల్లి వెళ్ళింది.

మే 6

పందొమ్మిదిన దవాఖానలో చేర్చమన్నారు. ఇరవైన కోస్తారు. నాకు మిగిలినవి రెండు శనివారాలు.

అవ్వ ఇవాళ రొట్టెలు చేస్తూ పాట అందుకుంది. పైన గొంతు చీలింది. ఆపి, మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ ఆపింది. పోయిన వారం అక్కడి దాకా ఎక్కేది. నేను వినలేదన్నట్టు బయటికి వెళ్ళిపోయాను. నాకు భయంగా ఉంది.

మే 10, శనివారం

ఈ రోజును పూర్తిగా రాయాలి.

పొద్దున్నే అవ్వ స్నానం చేసి, ఈస్టరు చీర కట్టుకుని మైకు ముందు కూర్చుంది. స్విచ్చి వేశాను. రొద! ఇంతకు ముందు ఎన్నడూ లేనంత రొద. శనివారం! నా సిద్ధాంతం ప్రకారం రాకూడదు. కరెంటు వాళ్ళను తిట్టాను, కోఠీ కొట్టువాణ్ణి తిట్టాను, ఎదురుగా వచ్చిన విమలమ్మను కూడా తిట్టాను. అవ్వ లేచి చీర మార్చుకుంది. "ఫికరు పడకు కొడుకా. పాట యాడికి పోతది?" అంది. ఎక్కడికి పోతుందో మా ఇద్దరికీ తెలుసు.

దీపాల వేళ విమలమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"రేపు చర్చికి మాసిన ధోతే కట్టుకో. బాయిల నీళ్ళు అడుగంటినయి. ఈ వారం నేను బట్టలు ఉతకలే."

సరే అన్నాను. అన్న తర్వాత ఆ మాట చెవిలో తిరగడం మొదలైంది. ఈ శనివారం బట్టలు ఉతకలేదు. పోయిన శనివారం ఉతికింది. అంతకు ముందు శనివారమూ ఉతికింది. ఆదివారం చర్చి కాబట్టి ఈ ఇంట్లో ఉతుకుడు ఎప్పుడూ శనివారమే.

పెరట్లోకి పరుగెత్తాను. రొద మన్నులోకి దిగిపోవాలని డబ్బా నుంచి వేసిన ఎర్తు తీగ చివర ఇనుప పైపు, బట్టల బండ పక్కనే పాతి ఉంది. పోయిన వానాకాలం రేడియోకని నేనే పాతాను, అక్కడ మన్ను మెత్తగా ఉందని. మెత్తగా ఎందుకు ఉందో అప్పుడు ఆలోచించలేదు. ఇప్పుడు ఆ చోటు నెర్రెలిచ్చి ఉంది. ఎండిన మన్నులో ఎర్తు పనిచేయదని ఏటా తొమ్మిదో తరగతికి నేనే చెబుతాను, బోర్డు మీద బొమ్మ వేసి మరీ.

వంటింట్లో నిండు బిందె కనబడింది. డబ్బా స్విచ్చి వేసి, బిందె తెచ్చి పైపు మొదట్లో కుమ్మరించాను.

"తాగే నీళ్ళయ్యా!" విమలమ్మ అరిచింది. "బోరింగు కాడ గంటసేపు నిలబడి తెచ్చిన!"

"అరవకు. విను."

లోపల రొద సన్నబడింది. ఇంకా సన్నబడింది. ఆగిపోయింది. టేపు రికార్డరులో నుంచి అవ్వ గాజుల చప్పుడు వినిపించింది.

విమలమ్మ బండ వైపు చూసింది, తీగ వైపు చూసింది, నా వైపు చూసింది. "అంటే ఇన్ని దినాలు నీ డబ్బను నడిపింది నేను ఉతికిన నీళ్ళా?" అని నడుము పట్టుకుని నవ్వింది. అవ్వ కూడా నవ్వింది. ఖాళీ బిందె తీసుకుని బోరింగుకు నేనే వెళ్ళాను. దారంతా ఈల వేస్తూ వెళ్ళాను, రాసుకోవడానికి సిగ్గేమీ లేదు.

మే 12

డబ్బా సిద్ధంగా ఉంది. అవ్వే సిద్ధంగా లేదు.

కుర్చీ మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బడిపిల్ల పద్యం అప్పజెప్పినట్టు పాడింది. రెండో చరణం మరిచిపోయింది. జన్మలో మరిచిపోని చరణం. గొంతులో బలమే లేదు.

"ఊకెనె కూసుంటె పాట ఎట్ల వస్తది కొడుకా? చేతుల పని ఉండాలె" అంది.

నిజమే. ఆమె ఖాళీగా కూర్చుని పాడటం నేను పుట్టినప్పటి నుంచి చూడలేదు. చర్చిలో కూడా చీర అంచు మడత పెడుతూనే పాడుతుంది.

మే 13

విసుర్రాయి ముందు కూర్చోబెట్టాను. పాట అద్భుతంగా వచ్చింది. విసుర్రాయి అంతకంటే బాగా వచ్చింది. నా ప్రీ యాంప్లిఫయరు ఎంత మంచిదంటే జొన్నగింజ నలగడం కూడా వదలలేదు.

మే 14

చేట కూడా కుదరలేదు. చింతపండు ఒలిపిస్తే గింజలు టపటప.

మే 15, గురువారం

రేపు బంద్ అట. ఇంతకాలం బంద్ అంటే బస్సులు ఉండవని ఏడ్చేవాణ్ణి. ఇప్పుడు సంతోషంగా ఉంది. మా ఇల్లు చేవెళ్ల రోడ్డు మీదే. రేపు లారీ ఉండదు, బస్సు ఉండదు.

ఇంకొకటి. మధ్యాహ్నం అవ్వ నా టిఫిను గిన్నె తెరిచి "ఇందుల దూది ఎందుకున్నది?" అని అడిగింది. వాల్వు కథ చెప్పాను. వింటూనే ఆ బూరుగు దూదిలో గింజలు ఏరడం మొదలుపెట్టింది. గింజ తీసి పక్కన పెట్టడం, దూది విప్పడం, మళ్ళీ గింజ. వేళ్ళు ఆగడం లేదు. చప్పుడు లేదు. ఏమీ లేదు!

కాసేపటికి సన్నగా పాట మొదలైంది.

నేను కదలలేదు. కదిలితే ఆపేస్తుందేమోనని తుమ్ము కూడా ఆపుకున్నాను.

మే 16, శుక్రవారం

పట్టేశాను. అన్నీ పట్టేశాను. మోషే తాత పాటలన్నీ ఈ టేపు మీద ఉన్నాయి!

పొద్దున్నే విమలమ్మ మిగతా దిండ్లు కూడా విప్పి గదిలో కుప్ప పోసింది. ఇవాళ రాత్రి తలకింద ఏముంటుందని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. కోళ్ళను గంప కింద మూసింది. బిందె పట్టుకుని పైపు దగ్గర నిలబడి, "పోయ్‌మంటవా సారూ?" అని తరగతిలో పిల్లలా అడిగింది. పోయమన్నాను. గుయ్యిమన్నది పోయింది. రోడ్డు మీద ఒక్క బండి లేదు. మొయినాబాద్ అంత నిశ్శబ్దంగా ఉండటం నేను ఎప్పుడూ వినలేదు.

అవ్వ దూది ముందు కూర్చుంది. మైకును ఆమె చూడకుండా కుడిపక్కకు పెట్టాను.

నీళ్ళ మీద నడిచినోడు
మా నాట్ల నడుమ నడిసె
మోకాలి లోతు బురదల
మెల్లంగ నడిసె

ఇయర్‌ఫోను చెవికి పెట్టుకుని విన్నాను. నేను పుట్టిన నాటి నుంచి వింటున్న గొంతు, ఇంత దగ్గరగా ఎన్నడూ వినలేదు. పాదం చివర ఆమె తీసే ఊపిరి వినిపించింది. పైకి ఎక్కే చోట గొంతు చీలుతుందని నేను పిడికిలి బిగించాను. అవ్వ ఆగలేదు. చీలిన గొంతుతోనే ఎక్కింది. దాన్ని అట్లాగే పట్టుకుని పైన నిలబడింది. వేళ్ళు మటుకు గింజ తీస్తూనే ఉన్నాయి.

మూడో పాట నడుమ రోడ్డు మీద ఊరేగింపు వచ్చింది. జై తెలంగాణ! మొత్తం టేపులో పడింది. నా ప్రాణం పోయింది. అవ్వ తల కూడా ఎత్తలేదు. వాళ్ళు అరిచి ఊపిరి తీసుకున్న చోట ఆమె పాదం అందుకుంది. మళ్ళీ అరిచారు, మళ్ళీ ఆగారు, ఆమె మళ్ళీ అందుకుంది. ఊరేగింపు చేవెళ్ల వైపు వెళ్ళిపోయింది. చెరపాలనుకున్నాను. తిప్పి విన్నాక మనసు రాలేదు. ఉండనీ.

మొత్తం అయ్యాక అవ్వ ఒళ్ళో దూది దులుపుకుని, "అయిందా? ఇగ ఈ గింజలేం జేద్దాం?" అంది. నేను ఆమె చేతులు పట్టుకుని ఏడ్చాను. విమలమ్మ ఖాళీ బిందెతో గుమ్మంలో నిలబడి ఏడ్చింది. అవ్వ ఒక్కతే ఏడవలేదు.

మే 18, ఆదివారం

రేపు ప్రయాణం. బస్సులు నడుస్తాయంటున్నారు.

మే 20

కోశారు. బాగానే జరిగిందట. వారం దాకా మాట్లాడించవద్దన్నారు.

మే 28

మాట్లాడవచ్చని డాక్టరు నిన్ననే చెప్పాడు. అవ్వ నోరు తెరవలేదు. మంచినీళ్ళకు చెయ్యి చూపిస్తుంది. ఆకలి లేదంటే తల ఊపుతుంది. పాలు మింగుతోంది, నవ్వుతోంది, మాట మాత్రం లేదు. ప్రయత్నించమని నేను అడగలేదు. ఆమెకు విశ్రాంతి కావాలనే అడగలేదు. అంతే.

మే 31

ఇంటికి తీసుకొచ్చాము. మాట లేదు.

అంతే అని మొన్న రాసింది అబద్ధం. ప్రయత్నించి రాకపోతే ఏమవుతుందో అని అడగలేదు. ఆమె కూడా అందుకే ప్రయత్నించడం లేదు.

జూన్ 8, ఆదివారం

చర్చి అయ్యాక అందరూ మా వాకిట్లోకి వచ్చారు. పాటలు వినిపించమని శాంతయ్యగారే అడిగారు. టేపు రికార్డరు అరుగు మీద పెట్టాను. అవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది, మెడకు తెల్లని గుడ్డ.

టేపు తిరిగింది. నీళ్ళ మీద నడిచినోడు అని పాట మొదలైంది. రుక్మిణమ్మ ముసలిది, మోషే తాతతో కలిసి ఊళ్ళు తిరిగిన మనిషి, "మోషన్న పాటే, మోషన్న పాటే" అంటూ చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేను గర్వంతో ఉబ్బిపోయాను. ఇంత స్వచ్ఛమైన ధ్వని ఈ జిల్లాలో ఎవరూ పట్టి ఉండరు. రొద లేదు, బుస లేదు. ఉన్నదల్లా అవ్వే.

అవ్వ మొహం మాత్రం ముడుచుకుంటోంది. మొదట అనుకున్నాను, పోయిన గొంతును వింటుంటే బాధగా ఉందని. ఆపేద్దామని చెయ్యి పెట్టాను. నాకంటే ముందు ఆమె చెయ్యి ఎత్తింది.

"ఆపు."

మాట. బొంగురుగా, సన్నగా, కానీ మాట.

"తప్పు పాడిన" అంది అవ్వ. ఆగి ఉమ్మి మింగింది. "మోకాలి లోతు బురదల ఎవడన్న నాటేస్తడా? మా బాపు మడమ లోతు అన్నడు. నేను మోకాలన్న." మళ్ళీ ఆగింది. నా వైపు కోపంగా చూసింది. "నువ్వన్న చెప్పొద్దా?"

విమలమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. శాంతయ్యగారు దేవునికి స్తోత్రం అన్నారు. అవ్వ ఆయన్ని కూడా పట్టించుకోలేదు. గొంతు సవరించుకుని, ఎవరి కోసమూ కాకుండా, కింది స్థాయిలో మొదటి పాదం అనుకుంది. వణికింది. కానీ బాణీ తప్పలేదు. రెండోసారి అనుకుంది. అప్పుడు కొంచెం తక్కువ వణికింది.

"పిల్లా" అని విమలమ్మను పిలిచింది. "ఆ దూది యాడ పెట్టినవు? తే."

వాన ఇంకా రాలేదు. పెరట్లో పైపు చుట్టూ మన్ను ఎండిపోయి ఉంది. నేను బిందె తీసుకుని బోరింగుకు పరుగెత్తాను.